ఉన్న ఇల్లు కానరాని బంట్రోతు

వన్ టౌన్‌లో ఒక కుటుంబము కురుపాం మార్కెట్టు చెంతనుండి పాత పోస్టాఫీసు వైపునకు మారినదనుకొందము. తపాలా బంట్రోతు పాత గుమ్మము తట్టి, "ఇచ్చట నెవ్వరును లేరు" అని జాబును త్రిప్పి పంపును. పాపము, వాని తప్పేమున్నది? వాని చేతనున్నది పాత చిరునామాయే కదా!

సాఫ్ట్‌వేరు కొత్త కూర్పు నెక్కించునపుడు "పాత కూర్పు కానరాలేదు" అను మాట వచ్చుటయు తరచుగా నిట్టిదే. విండోస్ 95 కాలమునుండి కంప్యూటరులో రిజిస్ట్రీ యను చిట్టా ప్రధానమైనది. కొత్త కూర్పు సాధారణముగా డిస్కునంతయు గాలింపదు. ఆ చిట్టానే చూచును. ఎవరైన ఫోల్డరును వేరొకచోటికి జరిపినను, పద్దు చెరిగినను, దాని దృష్టిలో పాతది లేనట్లే. 32 బిట్ల ప్రోగ్రాముల పద్దులు వేరొక పుటలో నుండుటచే, 64 బిట్ల కూర్పు ఆ పుటను తెరువకయే "లేదు" అనవచ్చును.

ఇచ్చటనే తొందర కొంప ముంచును. పాతదానిని తొలగించినచో, దాని ఫోల్డరులోనే దాచిన ఏండ్లనాటి ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు మాయము కావచ్చును. మొదట వాని నకలు పెన్‌డ్రైవులో పెట్టవలెను. పిదప ఫోల్డరును పూర్వస్థానమునకు చేర్చి చూడవలెను. పద్దే చెరిగియున్నచో పాత కూర్పునే అదేచోట మరల నెక్కించి, ఆపైన అదే బిట్ల కొత్తదానిని పిలువవలెను.