దినచర్యలో లేని నింద: ‘లేడీ బి గుడ్’ వైమానికుల ఎనిమిది రోజులు

రెండవ ప్రపంచయుద్ధంలో పాల్గొన్నవారు రాసుకున్న దినచర్యలు అనేకం ఉన్నాయి. వాటిలో రాబర్ట్ టోనర్ దినచర్య పరిమాణంలో చాలా చిన్నది. టోనర్ అమెరికా వైమానిక దళానికి చెందిన ‘లేడీ బి గుడ్’ అనే బి-24 బాంబర్‌కు సహ పైలట్. రోజుకు కొద్ది పంక్తుల చొప్పున అతడు రాసిన ఈ దినచర్య దాదాపు 17 ఏళ్ల తరువాత లిబియా ఎడారిలో బయటపడింది. విమానం దారి ఎందుకు తప్పిందో ఇందులో లేదు. ఎవరి వల్ల తప్పిందో అసలే లేదు. ఆ మౌనాన్ని విమాన శిథిలం ఇచ్చిన సాక్ష్యంతో కలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

1943 ఏప్రిల్ 4న లిబియాలోని సొలూక్ స్థావరం నుంచి ఇటలీలోని నేపుల్స్ రేవుపై దాడికి 25 విమానాలు బయలుదేరాయి. పైలట్ విలియం హాటన్ నాయకత్వంలోని తొమ్మిది మందికి అదే తొలి దాడి. ఇసుకగాలి మధ్య బయలుదేరిన వీరు నేపుల్స్ చేరేసరికి వెలుతురు తగ్గిపోయింది. లక్ష్యంపై బాంబులు వేయకుండానే వెనుదిరిగారు. తిరుగు ప్రయాణంలో వీరి విమానం ఒంటరిగా మిగిలింది.

అర్ధరాత్రి దాటాక హాటన్ తమ దిక్కు తెలుపమని రేడియోలో బెనీనా కేంద్రాన్ని అడిగాడు. కేంద్రం 330 డిగ్రీలని చెప్పింది. ఇక్కడ యంత్రం పనితీరును కొంత వివరించవలసి ఉంది. ఆనాటి వలయాకారపు ఏరియల్ సంకేతం ఏ సరళరేఖ మీద వస్తున్నదో చెప్పగలదు గాని, ఆ రేఖకు ఏ కొస నుంచి వస్తున్నదో చెప్పలేదు. కనుక అదే సంకేతానికి రెండు అర్థాలు సాధ్యం: విమానం వాయవ్యంలో, అంటే సముద్రం మీద ఉండవచ్చు; లేదా స్థావరాన్ని దాటిపోయి ఆగ్నేయంలో, అంటే ఎడారి మీద ఉండవచ్చు. నేపుల్స్ నుంచి వస్తున్న విమానానికి మొదటి అర్థమే సహజంగా తోస్తుంది. వాస్తవం రెండవది. ఈ ఉదంతానికి ఎక్కువమంది అంగీకరించిన వివరణ ఇదే. వెనుక నుంచి వీచిన గాలి కూడా విమానాన్ని అనుకున్న దానికంటే వేగంగా ముందుకు తోసిందంటారు.

ఇంధనం అడుగంటాక, రాత్రి రెండు గంటల ప్రాంతంలో, తొమ్మిది మందీ పారాచూట్లతో దూకారు. మనుషులు లేని విమానం మరో 26 కి.మీ. దక్షిణంగా సాగి ఇసుక మీద వాలింది. స్థావరంవారు విమానం మధ్యధరా సముద్రంలో పడి ఉంటుందని భావించి అటువైపే వెదికారు. 1958లో చమురు అన్వేషకులు ఆకాశం నుంచి ఈ శిథిలాన్ని గుర్తించేనాటికి అది స్థావరానికి సుమారు 700 కి.మీ. దూరంలో ఉంది. మరుసటి ఏడాది నేల మార్గాన చేరినవారికి పనిచేసే రేడియో, మరతుపాకులు, కొంత ఆహారం, నీరు కనిపించాయి. పారాచూట్లు మాత్రం లేవు.

దినచర్య చదివేవారిని కలవరపెట్టేది ఈ 26 కి.మీ. దూరమే. నీరు, రేడియో దక్షిణాన ఉండగా ఎనిమిది మంది వాయవ్యానికి నడిచారు. తొమ్మిదవవాడైన జాన్ వొరావ్కా కనబడలేదని టోనర్ మొదటి రోజే రాశాడు. వారి దగ్గర ఉన్నది సగం సీసా నీళ్లు. మనిషికి రోజుకొక మూతెడు. మధ్యాహ్నపు ఎండ నరకమని, రాత్రి చలికి నిద్ర లేదని, కళ్లు పాడయ్యాయని, అందరూ ప్రార్థిస్తున్నారని టోనర్ పొడి మాటలలో నమోదు చేశాడు. అయిదవ రోజున ఇసుకదిబ్బలు అడ్డం వచ్చాయి. ఏప్రిల్ 9న షెల్లీ, రిప్స్‌లింగర్, మూర్ సహాయం కోసం ముందుకు సాగగా మిగిలిన అయిదుగురు అక్కడే ఆగిపోయారు. చివరి నమోదు ఏప్రిల్ 12 సోమవారానిది: సహాయం ఇంకా రాలేదు, రాత్రి చలి ఎక్కువ.

దారి తప్పామని టోనర్ ఒక్కచోట అంటాడు. ఆ వాక్యానికి కర్త లేడు. మరణం ఖాయమని తెలిసిన తరువాత కూడా నావిగేటర్ డి. పి. హేస్‌ను గాని, పైలట్‌ను గాని వేలెత్తి చూపలేదు. ఇది ఓర్పు కావచ్చు, అలసట కావచ్చు. ఆ పంక్తుల నుంచి టోనర్ స్వభావాన్ని నిర్ధారించడం సాహసమే అవుతుంది. కాని తరువాతి కాల్పనికత ఈ సంయమనాన్ని పాటించలేదు. ఈ ఉదంతం ప్రేరణతో 1970లో అమెరికా టెలివిజన్‌కు తీసిన ‘సోల్ సర్వైవర్’ చిత్రంలో నావిగేటర్ సహచరులను విడిచి ముందే దూకి బతికిపోతాడు. కల్పనకు ఆ స్వేచ్ఛ ఉన్నదనుకున్నా, నిజమైన నావిగేటర్ సంగతి వేరు. హేస్ మిగిలినవారితో నూరు కిలోమీటర్లకు పైగా నడిచాడు. 1960 ఫిబ్రవరిలో ఒకేచోట దొరికిన అయిదు మృతదేహాలలో హాటన్, టోనర్, లామోట్, ఆడమ్స్‌లతో పాటు అతనిది కూడా ఉంది.

1959లో అమెరికా సైన్యం జరిపిన అన్వేషణ వారి అడుగుజాడలను గుర్తించింది. బూట్లు, రాళ్ల బరువు పెట్టిన పారాచూట్ ముక్కలు దారికి గుర్తులుగా నిలిచాయి. ఇసుకదిబ్బల వద్ద ఆ జాడ తెగిపోయింది. అయిదుగురినీ ఆ తరువాత చమురు సంస్థ పనివారే కనుగొన్నారు. 1960 మే నెలలో షెల్లీ వారికి 30 కి.మీ.కు పైగా దూరంలో, రిప్స్‌లింగర్ 40 కి.మీ.కు పైగా దూరంలో కనిపించారు. ఆగస్టులో వొరావ్కా దొరికాడు. అతని పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. సహచరులు అతని కోసం చూసిన ఆ తెల్లవారుజాముకే అతడు మరణించి ఉన్నాడు. తొమ్మిది మందిలో మూర్ అవశేషాలను మాత్రం ఇంతవరకు గుర్తించలేదు.