టచ్‌ప్యాడ్ మొరాయించిందా? అప్‌డేట్‌ని తిట్టేముందు అడుగు చూడండి

"నువ్ చెప్పినవనే అప్‌డేట్ చేయించినం బేటా. ఇప్పుడు బాణం గుర్తు నా మాట వింటలేదు. జీఎస్టీకి రేపే ఆఖరు తారీఖు."

ఫోన్లో చాచా అన్నది ఇంతే. చాచా అంటే నా స్నేహితుడి నాన్న. చార్మినార్ పక్కనున్న లాడ్‌బజార్‌లో లక్క గాజుల దుకాణం ఆయనది. 2025 నవంబర్ 19 సాయంత్రం ఆ జనంలో దారి చేసుకుంటూ వెళ్తుంటే నాలో ఒకటే గుబులు. నిజంగానే అప్‌డేట్ సలహా నాదే. విండోస్ 10కి అక్టోబర్ 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు పనులు చేసే లాప్‌టాప్ కదా, 11కి మారండి అని చెప్పాను. మారారు. మర్నాటి నుంచే టచ్‌ప్యాడ్ తిక్కగా ఉంది. బాణం దానంతటదే ఎగురుతోంది, క్లిక్ పడట్లేదు.

"మౌస్ పెట్టేద్దాం, అయిపోతది" అన్నాడు నా స్నేహితుడు. నిజానికి చాలామంది చేసేది అదే. ఆ పూట అలా చేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మౌస్ లేకున్నా కీబోర్డుతో చాలా పని నడుస్తుంది. మొదట పై వరసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ పొరపాటున నొక్కుకుపోయిందేమో చూడాలి. తర్వాత విండోస్ కీతో పాటు 'ఐ' నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో టచ్‌ప్యాడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు. మౌస్ తగిలించగానే టచ్‌ప్యాడ్ ఆగిపోయే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది.

అదీ కాకపోతే డ్రైవర్. ఇప్పటి చాలా లాప్‌టాప్‌లలో మీ వేలు ఎక్కడుందన్న సమాచారం ఐ2సీ అనే సన్నని దారిలో ప్రాసెసర్‌కి చేరుతుంది. ఆ దారికీ వేరే డ్రైవర్ ఉంటుంది. అప్‌డేట్‌లో అది మారిపోతే టచ్‌ప్యాడ్ బాగానే ఉన్నా కబురు చేరదు. కాలింగ్ బెల్ బాగుండి తీగ తెగినట్టు. విండోస్ కీతో 'ఎక్స్', తర్వాత 'ఎమ్' నొక్కితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. బాణం కీలతో టచ్‌ప్యాడ్ దాకా వెళ్లి, ఎంటర్ కొట్టి, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్' చేస్తే పాత డ్రైవర్ వస్తుంది. ఆ బటన్ మసగ్గా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, లేదా మీ మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దింపుకోండి. 11కి మారి పది రోజులు దాటకపోతే, రికవరీలోకి వెళ్లి విండోస్ 10కే తిరిగి పోయే వీలు కూడా ఉంటుంది.

ఇవన్నీ చేసేసరికి గంటన్నర. మూడు చాయ్‌లు. ఫలితం సున్నా.

అప్పుడు బ్యాగులోంచి ఉబుంటు పెన్‌డ్రైవ్ తీశాను. ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి లాప్‌టాప్ నడపొచ్చు, విండోస్ జోలికి పోనక్కర్లేదు. అక్కడా అదే తిక్క! అంటే గొడవ సాఫ్ట్‌వేర్‌ది కాదు. మూత వేయబోతే సరిగ్గా పడలేదు. గాజు కౌంటర్ మీద లాప్‌టాప్ టకటక ఊగింది. టచ్‌ప్యాడ్ అంచు గోరంత పైకి లేచి ఉంది.

బ్యాటరీ ఉబ్బింది.

నాలుగేళ్లుగా పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా అది చార్జింగ్‌లోనే ఉంటుంది. ఎప్పుడూ ఫుల్ చార్జ్, పైగా వేడి. ఈ రెండూ కలిస్తే లిథియం అయాన్ బ్యాటరీ లోపలి ద్రవం విచ్ఛిన్నమై గ్యాస్ పుడుతుంది. చాలా లాప్‌టాప్‌లలో బ్యాటరీ ఉండేది సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే. అప్‌డేట్ రాత్రంతా నడిచిందట, ఆ వేడికి ఇంకాస్త ఉబ్బిందేమో. అంతకుమించి దాని తప్పేం లేదు. నాకు భయమేసింది మాత్రం చుట్టూ చూశాక. అట్టపెట్టెలు, లక్క, రెండడుగుల దూరంలో గాజులు చేసే నిప్పుల కుంపటి.

వెంటనే చార్జర్ పీకి, షట్‌డౌన్ చేసి, దాన్ని దూరంగా బండ మీద పెట్టించాను. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు, చెత్తబుట్టలో అసలే వేయకూడదు. అదృష్టం కొద్దీ అమ్మకాల లెక్కల కాపీ చాచా మెయిల్‌లో ఉంది. నా లాప్‌టాప్‌లోనే కూర్చుని రాత్రి పదకొండుకి రిటర్న్ వేసేశాం.

మర్నాడు సికింద్రాబాద్ సీటీసీలో మెకానిక్ అడుగు విప్పితే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. కొత్తది వేశాక టచ్‌ప్యాడ్ బుద్ధిగా పనిచేసింది, డ్రైవర్ ముట్టుకోకుండానే. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టి ఇచ్చాను.

చాచా అంతా శ్రద్ధగా విన్నారు. తలూపారు. తర్వాత అన్నారు: "సరే బేటా, కానీ ఖరాబైంది అప్‌డేట్ చేసినంకనే కదా?"