జ్వరం వార్డులో మొదటి పరీక్ష ప్రశ్నే

హైదరాబాద్ నల్లకుంటలోని ఆ ఆస్పత్రికి కాగితాల మీద సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ అండ్ కమ్యూనికబుల్ డిసీజెస్ అని బారెడు పేరు. ఆటోవాళ్లకు అది ఫీవర్ హాస్పిటల్, పాతతరం వాళ్లకు కోరంటి దవాఖానా. వానలు ముదిరాయంటే ఓపీ చీటీల వరస పొద్దున్నే చాంతాడంత అవుతుంది. ఆ వరసను దాటుకుంటూ తెల్ల ఏప్రాన్లు వేసుకున్న కుర్రకారు లోపలికి వెళుతుంటారు. వాళ్లు ఉస్మానియా, గాంధీ మెడికల్ కాలేజీల విద్యార్థులు. అంటువ్యాధుల పోస్టింగ్‌కు వచ్చినవాళ్లు.

ఎంబీబీఎస్‌లో మెడిసిన్‌కూ సర్జరీకీ నెలల తరబడి పోస్టింగులు ఉంటాయి. దీనికి దక్కేది కొద్ది రోజులే. పీజీ ఎంట్రెన్స్ పుస్తకాల్లో తలమునకలైన వాళ్లలో కొందరు హాజరు వేయించుకోవడానికే వస్తారు. వాళ్లు నష్టపోయేది చాలా ఉంది. పెద్దాస్పత్రికి వచ్చే రోగి చంకలో అప్పటికే స్కాన్లు, ఎకోలు, పాత డిశ్చార్జి కాగితాలతో ఒక ఫైలు ఉంటుంది. ఇక్కడికొచ్చే మనిషి చేతిలో ఓపీ చీటీ, నోట్లో ఒకే ఒక్క మాట: "జరమొచ్చింది సారూ."

"ఎప్పటి నుంచమ్మా?"

"నాలుగు రోజుల సంది."

అక్కడితో ఆగి కేస్ షీట్ రాసుకున్న విద్యార్థికి రౌండ్స్‌లో చీవాట్లు ఖాయం. జ్వరం రోజంతా ఉంటోందా, సాయంత్రాలే వస్తోందా? వణికించి వచ్చి చెమట పట్టి దిగుతోందా? ఇంట్లో ఇంకెవరైనా పడుకున్నారా? ఏ నీళ్లు తాగుతున్నారు? ఈ నెలలో ఏ ఊరు వెళ్లొచ్చారు? చేసే పనేమిటి? ఇంటి దగ్గర గొర్రెలున్నాయా, కుక్కలున్నాయా? ఏదైనా కుట్టిందా, కరిచిందా? ఏ టీకాలు వేయించారు? మెడికల్ షాపులో అడిగి ఏ మాత్రలు మింగారు? ఈ చివరి ప్రశ్నకు ముందు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "ఏం వేసుకోలే" అనే. కాసేపు మాటల్లో పెడితే చొక్కా జేబులోంచో కొంగు ముడిలోంచో సగం వాడిన యాంటీబయాటిక్ అట్ట బయటపడుతుంది.

ప్రతి ప్రశ్న వెనకా ఒక జబ్బు కాచుకుని ఉంటుంది. భద్రాచలం ఏజెన్సీకో అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలకో వెళ్లొచ్చానంటే ముందు మలేరియా సంగతి చూడాలి, అందులోనూ మెదడుకెక్కే ఫాల్సిపారం రకాన్ని. మురుగునీళ్లలో, వరిమళ్లలో నడిచానంటే ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌ను అనుమానించాలి. గొర్రెలు ఈనేటప్పుడు చేయి వేశానంటేనో, పచ్చిపాలు తాగుతానంటేనో బ్రూసెల్లోసిస్. వారం దాటినా రోజురోజుకూ పెరిగే జ్వరమైతే టైఫాయిడ్.

టైఫాయిడ్ దగ్గర విద్యార్థి మొదట నేర్చుకోవాల్సింది ఒక పరీక్షను నమ్మకపోవడం. మన ఊళ్లలో టైఫాయిడ్ అనగానే విడాల్ టెస్టు రాస్తారు. అది రక్తంలో యాంటీబాడీలను చూస్తుందే తప్ప క్రిమిని చూడదు. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ ఉన్నా, వేరే జ్వరం ఉన్నా పాజిటివ్ రావచ్చు. గట్టి సాక్ష్యం బ్లడ్ కల్చర్. రక్తాన్ని సీసాలో పెట్టి క్రిమిని పెంచి చూస్తారు. అదీ యాంటీబయాటిక్ పడకముందు తీసిన రక్తమైతేనే ఎక్కువ ఫలితం. కొంగు ముడిలో దాక్కున్న ఆ మాత్రల అట్ట చేసే చెరుపు ఇక్కడే. క్రిమి సగం చచ్చి కల్చర్‌లో కనిపించదు, పూర్తిగా చావక జ్వరమూ తగ్గదు. ఈ జబ్బుకు చిన్నపిల్లలకూ పనిచేసే కాంజుగేట్ టీకాను తయారుచేసి, ఆ తరహా టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపును మొట్టమొదట పొందింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ అన్న సంగతి, విడాల్ కాగితాలు పట్టుకు తిరిగే మనలో ఎందరికి తెలుసో!

వానాకాలపు పోస్టింగ్‌లో ఎక్కువ సమయం తినేది డెంగీ. రోగి వెంట వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "ప్లేట్‌లెట్లు ఎంతున్నయి?" ప్రొఫెసర్ అడిగేది వేరు. "ఇవాళ్టికి ఎన్నో రోజు? మూత్రం ఎంత పోశాడు? హెమటోక్రిట్ నిన్నెంత, ఇవాళెంత?" విద్యార్థికి ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా అర్థమైతే డెంగీ సగం వచ్చినట్టే.

డెంగీలో ప్రమాదం జ్వరం మండిపోతున్నప్పటి కంటే దిగుతున్నప్పుడు ఎక్కువ. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం తగ్గుముఖం పడుతుంది. ఇంట్లోవాళ్లు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. కొందరిలో సరిగ్గా అప్పుడే సన్నని రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని ద్రవం కారిపోవడం మొదలవుతుంది. ద్రవం పోతే మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని చెప్పే అంకె హెమటోక్రిట్. అది పెరుగుతుంటే, కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు తోడైతే, ప్లేట్‌లెట్ల అంకె ఎంతున్నా రోగి ప్రమాదంలో ఉన్నట్టే. ఈ దశ ఒకటి రెండు రోజులు ఉంటుంది. అప్పుడు కాపాడేది కొలత ప్రకారం ఎక్కించే సెలైన్, గంట గంటకూ నాడి, బీపీ చూసే మనిషి. రక్తస్రావం లేనివారికి ప్లేట్‌లెట్లు పదివేల కిందికి పడిపోతే తప్ప ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా లక్షకు తగ్గాయనగానే దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజులు పరుగులు తీస్తుంటాయి.

పోస్టింగ్‌లో అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ ఒక్కసారైనా చేసి చూసే పరీక్ష ఒకటుంది. బీపీ పట్టీని పై బీపీకి, కింది బీపీకి సరిగ్గా మధ్య అంకె దగ్గర బిగించి ఐదు నిమిషాలు ఉంచుతారు. పట్టీ తీశాక మోచేతి దగ్గర చదరపు అంగుళం మేర చర్మంలో పది, అంతకు మించి ఎర్రచుక్కలు లేస్తే డెంగీ అనుమానం బలపడుతుంది. పైసా ఖర్చు లేదు. కచ్చితమైన పరీక్షా కాదు. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్షలే అసలు నిర్ధారణ.

కళ్లతో చూడటం ఎంత ముఖ్యమో నేర్పేది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. అది చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో, నడుం దగ్గర బట్ట బిగిసేచోటో దాక్కుంటుంది. సిగ్గుపడి బట్ట తొలగించి చూడని విద్యార్థికి జ్వరం కారణం ఎంతకీ అంతు చిక్కదు. చూసినవాడు డాక్సీసైక్లిన్ రాస్తాడు. చౌక మందు. సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. అదే మందు ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మనిషి వెంటిలేటర్ దాకా పోవచ్చు.

ఇక డిఫ్తీరియా. మన పెద్దలు కంఠసర్పి అన్న జబ్బు. చాలా దేశాల్లో వైద్య విద్యార్థులు దీన్ని పుస్తకంలో బొమ్మగా చూసి డాక్టర్లయిపోతారు. హైదరాబాద్ విద్యార్థికి ఆ "అదృష్టం" లేదు. 2000 తర్వాత ఈ నగరంలో డిఫ్తీరియా మళ్లీ తలెత్తడం గురించి వైద్యపత్రికల్లో వచ్చిన అధ్యయనాలకు ఈ ఆస్పత్రి కేసులే ఆధారం. గొంతునొప్పి, కొద్దిపాటి జ్వరంతో పిల్లాడు వస్తాడు. నాలుకను అదిమి టార్చి వేస్తే టాన్సిల్స్ మీద బూడిదరంగు పొర. గీకితే ఊడిరాదు, రక్తం వస్తుంది. మెడ రెండువైపులా వాచి ఉంటే జబ్బు ముదిరినట్టు.

ఇక్కడ చంపేది క్రిమి వదిలే విషం. పొర పెరిగి శ్వాసకు అడ్డుపడటం ఒక ప్రమాదం. రెండోది కనిపించదు. ఆ విషం గుండె కండరానికి, నరాలకు పాకుతుంది. గొంతు బాగుపడి పిల్లాడు లేచి ఆడుకుంటున్న రెండో వారంలో గుండె లయ తప్పవచ్చు. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయంటే అంగిలి నరాలు పట్టుతప్పినట్టు. విరుగుడు యాంటీటాక్సిన్, గుర్రాల రక్తంలోంచి తీసే సీరం. ఒకసారి కణంలోకి చేరిన విషాన్ని అదేమీ చేయలేదు, రక్తంలో తిరుగుతున్నదాన్నే పట్టగలదు. అందుకని ల్యాబ్ నుంచి కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఆగరు. కంటితో చూసింది నమ్మి, అలర్జీ పరీక్ష చేసి సీరం ఇచ్చేస్తారు. "రిపోర్టు లేకుండా ఎలా సార్?" అన్న విద్యార్థి సందేహానికి జవాబు ఆ మంచం మీదే ఉంటుంది.

వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ 1901లో ఎమిల్ వాన్ బేరింగ్‌కు వచ్చింది ఈ సీరం చికిత్సకే. రెండోది 1902లో రొనాల్డ్ రాస్‌కు. ఆయన 1897 ఆగస్టు 20న ఇదే జంటనగరాల్లో, బేగంపేటలో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, దాని పొట్టగోడలో మలేరియా క్రిమిని చూశాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టజెప్పాడట. తొలి రెండు నోబెళ్లు తెచ్చిన రెండు జబ్బులనూ నూరేళ్లు దాటాక కూడా రాస్ పేరున్న ఆస్పత్రిలోనే విద్యార్థులు నేర్చుకుంటున్నారు. మలేరియా సంగతి సరే, దోమను జయించడం తేలిక కాదు. డిఫ్తీరియాకు మాత్రం సాకు లేదు. టీకా ఉంది, ఉచితం కూడా. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, ఏడాదిన్నర ప్రాంతంలో డీపీటీ బూస్టర్, ఐదారేళ్లకు మరొకటి, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ. మొదటి మూడూ వేయించి, నడక వచ్చాక పిల్లాణ్ని మళ్లీ తీసుకెళ్లని ఇళ్లు చాలా ఉంటాయి. కేస్ షీట్‌లో "టీకాలు: వేయించారట" అని రాసి వదిలేయకుండా, ఏది ఎప్పుడు వేశారో కార్డు అడిగి చూడమని పెద్ద డాక్టర్లు చెప్పేది అందుకే.

ఒక్క ప్రశ్న ఎంత పని చేస్తుందో 2018 మే నెలలో కేరళలోని కోళికోడ్ చూపించింది. అక్కడి ఒక ప్రైవేటు ఆస్పత్రికి మెదడువాపు లక్షణాలతో ఒక యువకుడు వచ్చాడు. డాక్టర్లు కుటుంబం గురించి ఆరా తీశారు. కొద్ది రోజుల క్రితమే తమ్ముడు అలాగే జ్వరంతో చనిపోయాడని, ఇంట్లో మరికొందరికీ బాగాలేదని తెలిసింది. మామూలు మెదడువాపు ఒకే ఇంట్లో ఇలా వరసగా రాదు. శాంపిళ్లు మణిపాల్ వైరస్ ల్యాబ్‌కు వెళ్లాయి. తేలింది నిపా. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దాన్ని నిర్ధారించింది. రెండో మరణం నాటికే వ్యాధి గుట్టు బయటపడటం వల్ల కేరళ దాన్ని కొద్ది వారాల్లో అదుపు చేయగలిగింది. ఈలోగా పేరాంబ్ర తాలూకా ఆస్పత్రిలో తొలి రోగి అయిన ఆ తమ్ముడికి సేవ చేసిన నర్సు లినీ అదే జబ్బుతో ప్రాణాలు కోల్పోయింది.

ఈ వార్డులో పనిచేసేవాళ్లకు ప్రమాదం మాట పుస్తకాల్లోది కాదు. చేతులు కడుక్కోవడం దగ్గర సిస్టర్లు ప్రొఫెసర్ల కంటే కఠినంగా ఉంటారు. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత, ఆఖరికి మంచాన్ని తాకినా సరే. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయే హౌస్ సర్జన్ మీద గొంతు లేస్తుంది. జబ్బున్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివారికి హెపటైటిస్ బీ సోకే అవకాశం నూటికి ముప్పై దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి వెయ్యికి మూడు మాత్రమే. అదీ వీలైతే రెండు గంటల్లో, ఎటూ 72 గంటల లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే మరింత తగ్గుతుంది. గుచ్చుకున్న సంగతి భయపడి దాచిపెట్టడమే అసలు ముప్పు.

వైద్యం ఏమీ లేని గది కూడా ఒకటి చూడాలి. రేబిస్ రోగిని విడిగా, మసక వెలుతురులో ఉంచుతారు. గ్లాసుతో నీళ్లు దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోతుంది, గాలి తగిలినా అంతే. లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండదు. డాక్టర్ చేయగలిగింది బాధ తగ్గించడం, కుటుంబానికి నిజం చెప్పడం. విద్యార్థి ఎన్నో వారాల కిందటి కుక్కకాటు గురించి అడిగితే, "కారం అద్దినం", "పసరు పోయించినం" అని చెబుతారు. కరిచిన వెంటనే పావుగంట సేపు ధార కింద సబ్బుతో కడిగి, వరసగా టీకాలు, రక్తం వచ్చిన గాయమైతే వాటితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ వేయించుకుని ఉంటే ఆ గది అవసరమే రాదు.

పోస్టింగ్ ముగిసేసరికి విద్యార్థులు జబ్బులన్నీ నేర్చేసుకోరు. అడగడం నేర్చుకుంటే చాలు. అయితే ప్రశ్న ఎంత మంచిదైనా, జవాబు చెప్పాల్సింది రోగే. అందుకని ఈసారి జ్వరంతో ఆస్పత్రికి వెళ్లేటప్పుడు కొన్ని సంగతులు చీటీ మీద రాసుకుని వెళ్లండి: జ్వరం మొదలైన తేదీ, నెల రోజుల్లో తిరిగిన ఊళ్లు, ఏదైనా కరిస్తే ఆ వివరం, ఇంట్లో ఇంకెవరికి బాగాలేదో, షాపులో కొని మింగిన మాత్రల అట్ట. పిల్లలైతే టీకా కార్డు మరిచిపోకండి. మిమ్మల్ని మొదట పలకరించేది మెడికల్ స్టూడెంట్ అయినా విసుక్కోకుండా అన్నీ చెప్పండి.