నెలకు 43 నిమిషాలు: క్లౌడ్ అలారం మనిషిని చేరే లెక్క

2021 సెప్టెంబర్ 8న ఓలా ఎస్1 స్కూటర్ల ఆన్‌లైన్ అమ్మకాలు మొదలు కావాలి. కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో 500 ఎకరాల్లో లేస్తున్న ఫ్యాక్టరీలో తయారయ్యే బండి అది. జులైలో రూ.499 చొప్పున కట్టి 24 గంటల్లోనే లక్ష మంది బుక్ చేసుకున్నారు. తీరా అమ్మకం రోజున వెబ్‌సైట్ మొరాయించింది. కంపెనీ అధినేత భవీష్ అగర్వాల్ క్షమాపణ చెప్పి, 15వ తేదీ ఉదయం 8 గంటలకు మళ్లీ తెరుస్తామన్నారు. ఈసారి సైట్ నిలబడింది. రెండు రోజుల్లో రూ.1,100 కోట్ల పైచిలుకు అమ్మకాలు జరిగాయని, ఒక దశలో సెకనుకు 4 స్కూటర్లు పోయాయని ఆయనే ప్రకటించారు.

పోచంపల్లి అంటే ఇక్కత్ చీర గుర్తొచ్చే వారికి ఒక మాట. ఆ పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాది. ఇది తమిళనాడులో, హోసూరు, కృష్ణగిరి వైపుది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లిష్ మాట్లాడే కుటుంబాలు ఈ పక్క బాగానే ఉంటాయి. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రాత్రి డ్యూటీ చేసే పిల్లలూ ఆ ఇళ్ల నుంచి వెళ్తుంటారు. ఈ కథనంలోని లెక్కలు వాళ్ల రోజువారీ పనికి సంబంధించినవి.

సెకనుకు 4 అంటే నిమిషానికి 240 స్కూటర్లు. ఎస్1 ధర అప్పట్లో రూ.99,999. ఆ ఊపులో ఉన్నప్పుడు సైట్ ఒక నిమిషం పడిపోతే రూ.2.4 కోట్ల అమ్మకం ఆగినట్టే. అయిదు నిమిషాలైతే రూ.12 కోట్లు. రోజంతా ఆ ఊపు ఉండదు, నిజమే. కానీ సైట్లు కూలేది సరిగ్గా ఆ ఊపులోనే. అందుకే ఒక ప్రశ్న వేసుకోవాలి: క్లౌడ్‌లో ఏదో పాడైన క్షణం నుంచి, దాన్ని బాగు చేయగల మనిషి ఫోన్ ఎత్తేసరికి ఎంతసేపు పడుతుంది?

ఈ మధ్యలో రెండు వ్యవస్థలు ఉంటాయి. ఒకటి సర్వర్లను కనిపెట్టుకుని ఉండే మానిటరింగ్: అమెజాన్‌లో క్లౌడ్‌వాచ్, మైక్రోసాఫ్ట్‌లో అజూర్ మానిటర్, సొంతంగా నడుపుకునేవారికి ప్రొమీథియస్. రెండోది ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్. ఈ వారం డ్యూటీ ఎవరిదో తెలుసుకుని, ఫోన్ చేసి, వాళ్లు ఎత్తకపోతే పై వాళ్లను లేపేది అదే. 2009లో మొదలైన పేజర్‌డ్యూటీ వీటిలో బాగా తెలిసిన పేరు. ఈ రెండింటినీ కలపడం పెద్ద పనేమీ కాదు. అమెజాన్‌లో అయితే, అలారం ఎస్ఎన్ఎస్ అనే సందేశ సేవలోని ఒక టాపిక్‌కు సందేశం పంపుతుంది. టాపిక్ దాన్ని ఒక వెబ్ చిరునామాకు చేరుస్తుంది. ఏ సర్వీస్‌కు చెందిన సందేశమో చెప్పే 32 అక్షరాల కీ ఆ చిరునామాలోనే ఉంటుంది. చాయ్ తాగేలోపు అయిపోయే పని.

అసలు చిక్కు అంకెల్లో ఉంది. అమెజాన్ వర్చువల్ సర్వర్లు ఉచితంగా ఇచ్చే మెట్రిక్‌లు, అంటే వాటి పనితీరు కొలతలు, 5 నిమిషాలకోసారి వస్తాయి. ఒక్క రీడింగ్ చూసి లేపితే అనవసరపు ఫోన్లు ఎక్కువవుతాయని చాలామంది వరసగా మూడు రీడింగ్‌లు గీత దాటితేనే అలారం మోగాలని పెడతారు. అంటే 15 నిమిషాలు. సందేశం ప్లాట్‌ఫామ్‌కు చేరడానికి కొన్ని సెకన్లే. అక్కడ మొదటి మనిషి ఫోన్ ఎత్తలేదు అనుకుందాం. పేజర్‌డ్యూటీలో మనం ముట్టుకోకుండా వదిలేస్తే, రెండో మనిషికి వెళ్లేముందు 30 నిమిషాలు ఆగుతుంది. మొత్తం 45.

ఇప్పుడు కస్టమర్‌కు ఇచ్చిన మాట చూడండి. సైట్ 99.9 శాతం పని చేస్తుందని ఒప్పందంలో రాసుకుంటే, 30 రోజుల నెలలో ఆగిపోవడానికి మిగిలే సమయం 43 నిమిషాల 12 సెకన్లు. అంటే రెండో మనిషి ఫోన్ మోగక ముందే నెల కోటా ఖర్చయిపోయింది. ఎవరూ తప్పు చేయలేదు. అన్నీ అనుకున్నట్టే పని చేశాయి.

ఆ అంకెలే మార్చి చూద్దాం. డబ్బు కట్టి నిమిషానికోసారి వచ్చే మెట్రిక్ తీసుకుని, రెండు రీడింగ్‌లకే అలారం పెట్టి, రెండో మనిషికి వెళ్లే గడువును 5 నిమిషాలకు తగ్గిస్తే మొత్తం 7 నిమిషాలు. బాగు చేసుకోవడానికి 36 నిమిషాలు చేతిలో ఉంటాయి. 99.95 శాతం అని మాట ఇచ్చినా 21 నిమిషాల 36 సెకన్లలో ఇంకా ఊపిరి ఉంది. 99.99 అంటే మాత్రం నెలకు 4 నిమిషాల 19 సెకన్లే. నిద్రలేచి, కళ్లజోడు వెతుక్కుని, ల్యాప్‌టాప్ తెరిచి, ఓటీపీ కొట్టేసరికే అవి పోతాయి. అక్కడ ఎంత మంచి అలర్ట్ పెట్టినా ప్రయోజనం లేదు, సిస్టమ్ తనంతట తాను ఇంకో సర్వర్‌కు మారాలి. అమ్మకాల బృందం ఉత్సాహంగా ఇంకో తొమ్మిది చేర్చేముందు ఇంజినీర్లను ఒకసారి అడిగితే బాగుంటుంది.

అలారాలను అంత చురుగ్గా పెడితే ఫోన్లు పెరగవా? పెరుగుతాయి. ఒక డేటాబేస్ పడిపోతే దాని మీద ఆధారపడ్డ 40 సర్వర్లు 40 అలారాలు మోగిస్తాయి. ఇక్కడే ప్లాట్‌ఫామ్ తెలివి పనికొస్తుంది. పేజర్‌డ్యూటీకి వెళ్లే ప్రతి సందేశంలో డీడప్ కీ అని 255 అక్షరాల వరకు పట్టే ఒక గడి ఉంటుంది. కీ ఒకటే అయితే ఎన్ని సందేశాలు వచ్చినా ఇన్సిడెంట్ ఒక్కటే. సర్వీస్ పేరు, సమస్య పేరు కలిపి కీ చేసుకుంటే 40 ఒకటిగా మారతాయి. కీలో టైమ్‌స్టాంప్ చేర్చారంటే మాత్రం ప్రతిసారీ కొత్త కీ, కొత్త ఇన్సిడెంట్, కొత్త ఫోన్. ప్రొమీథియస్ వైపు ఈ కూడిక పని అలర్ట్‌మేనేజర్ చేస్తుంది: మొదట 30 సెకన్లు ఆగి గుంపు కడుతుంది, ఆ గుంపులోకి కొత్తవి వస్తే 5 నిమిషాలకోసారి చెబుతుంది, సమస్య తీరకపోతే 4 గంటలకోసారి గుర్తు చేస్తుంది. ఇవీ మార్చుకోదగ్గ అంకెలే.

ఒక మనిషి ఎన్ని ఇన్సిడెంట్లు మోయగలడు? గూగుల్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పుస్తకంలో ఒక లెక్క ఉంది. మూల కారణం వెతకడం, బాగు చేయడం, నివేదిక రాయడం కలిపి ఒక్కోదానికి సగటున 6 గంటలు. కాబట్టి 12 గంటల షిఫ్ట్‌కు 2 మించకూడదు. ఒకే ఊళ్లో ఉన్న బృందానికి కనీసం 8 మంది కావాలని కూడా అక్కడే ఉంది. గూగుల్ పెట్టుకోగలదు. మన చిన్న కంపెనీల్లో ముగ్గురు ఉంటే గొప్ప. ముగ్గురైతే ప్రతి మూడో వారం ఒకరి వంతు, ఏడాదికి 17 వారాలకు పైగా. ఎనిమిది మందైతే ఆరున్నర వారాలు. అయిదుగురిని అదనంగా పెట్టలేని చోట, రాత్రి మోగాల్సిన అలారాలను బాగా తగ్గించడమే మార్గం. మిగతావి పొద్దున చూసుకునే టికెట్లుగా వెళ్లాలి.

అలా విడగొట్టడానికి తీవ్రత స్థాయిలు ఉంటాయి గానీ, రెండు వైపులా కొలతలు ఒకటి కావు. అజూర్ మానిటర్‌లో సెవ్ 0 నుంచి సెవ్ 4 వరకు అయిదు మెట్లు. పేజర్‌డ్యూటీలో నాలుగే: క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫో. క్లౌడ్‌వాచ్ అలారంలో అసలు మెట్లే లేవు. కాబట్టి రాత్రి లేపేవాటికి ఒక టాపిక్, పొద్దున చూసేవాటికి ఇంకో టాపిక్ అని మనమే పెట్టుకోవాలి. క్లౌడ్ మారేటప్పుడు ఈ తేడా తెలిసొస్తుంది. 2024 మేలో భవీష్ అగర్వాల్ తమ పని మొత్తాన్ని వారంలో అజూర్ నుంచి సొంత క్లౌడ్ కృత్రిమ్‌కు తరలిస్తామని ప్రకటించారు. ఏ కంపెనీ క్లౌడ్ మారినా సర్వర్లూ డేటా కొత్త ఇంటికి వెళ్తాయి. అలారాలు వెళ్లవు. గీతలు, మెట్లు, కీలు అన్నీ కొత్తగా రాసుకోవాలి.

క్లౌడ్‌వాచ్‌లో మరో మెలిక. అలారానికి మూడు స్థితులు: బాగుంది, మోగుతోంది, డేటా చాలదు. చాలామంది మోగే స్థితిని మాత్రమే టాపిక్‌కు కలుపుతారు. బాగైనప్పుడు సందేశం వెళ్లదు కాబట్టి ఇన్సిడెంట్ తెరిచే ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే సమస్య వస్తే, పాత ఇన్సిడెంట్‌లోనే కలిసిపోయి ఎవరికీ ఫోన్ రాకపోవచ్చు. మూడోది ఇంకా ప్రమాదం. సర్వర్ పూర్తిగా చచ్చిపోతే అది మెట్రిక్ పంపడమే మానేస్తుంది. అప్పుడు అలారం మోగదు, డేటా చాలదు అనే స్థితిలోకి జారుకుని ఊరుకుంటుంది. డేటా రాకపోవడాన్నే గీత దాటినట్టు లెక్కించమని సెట్టింగ్‌లో ఒక ఎంపిక ఉంది. ముఖ్యమైన సర్వీసులకు దాన్ని తప్పక పెట్టాలి.

దారి మధ్యలో తెగితే? ఎస్ఎన్ఎస్ వెబ్ చిరునామాకు సందేశం పంపి జవాబు రాకపోతే, మనం మార్చనంతవరకు 20 సెకన్ల ఎడంతో 3 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. అంటే అవతలి ప్లాట్‌ఫామ్ నిమిషం పైగా స్పందించకపోతే ఆ అలర్ట్ గాల్లో కలిసినట్టే. అలాంటివి పడేందుకు డెడ్ లెటర్ క్యూ కట్టుకోవాలి, దాని మీద కూడా ఒక అలారం ఉండాలి.

మొత్తం ప్రాంతమే పడిపోయిన రోజూ ఉంది. 2025 అక్టోబర్ 20, దీపావళి. మన గడియారంలో మధ్యాహ్నం 12:18కి అమెజాన్ ఉత్తర వర్జీనియా కేంద్రంలో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామాలు కనబడకుండా పోయాయి. డీఎన్ఎస్ రికార్డులు రాసే రెండు ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఒకదాని పని మీద ఒకటి పడి, రికార్డు ఖాళీ అయిపోయింది. డైనమోడీబీ 2:55కి కోలుకుంది. సేవలన్నీ సర్దుకునేసరికి మర్నాడు తెల్లవారుజామున 3:31 అయింది. స్నాప్‌చాట్ ఆగింది, సిగ్నల్ ఆగింది. హైదరాబాద్‌లో అమెజాన్‌కు 2022 నవంబర్ నుంచి సొంత కేంద్రం ఉన్నా, ఆ రోజు ఇబ్బంది వర్జీనియా మీద ఆధారపడ్డ ఎవరికైనా తగిలింది. సర్వర్లూ, వాటిని చూసే కన్నూ, కబురు మోసే దారీ ఒకే చోట ఉంటే మూడూ ఒకేసారి పోతాయి. బయట ఇంకో కంపెనీ క్లౌడ్ నుంచి నిమిషానికోసారి మన సైట్‌ను తట్టి చూసే చిన్న తనిఖీ ఒకటి పెట్టుకుంటే, మిగతావన్నీ మూగబోయినా అదొక్కటి పలుకుతుంది. చెన్నై కేంద్రంగా ఎదిగిన జోహో వారి సైట్24x7 ఇలాంటి పనే చేస్తుంది.

ప్లాట్‌ఫామ్‌లకూ ఆయుష్షు ఉంటుంది. 2018లో అట్లాసియన్ 29.5 కోట్ల డాలర్లకు కొన్న ఆప్స్‌జీనీ అనే ఇన్సిడెంట్ ప్లాట్‌ఫామ్‌ను 2025 జూన్ నుంచి కొత్తవారికి అమ్మడం మానేశారు. 2027 ఏప్రిల్ 5న పూర్తిగా మూసేస్తారు. దాంట్లో డ్యూటీ పట్టికలు, ఎస్కలేషన్ నియమాలు చేత్తో నొక్కి పెట్టుకున్నవారు ఇంకో కంపెనీ ప్లాట్‌ఫామ్‌కు మారితే అవన్నీ మళ్లీ చేత్తోనే ఎక్కించుకోవాల్సి రావచ్చు. టెర్రాఫామ్ లాంటి పనిముట్టుతో కోడ్‌గా రాసుకున్నవారికి కనీసం ఏమేం ఉన్నాయో ఒక జాబితా దొరుకుతుంది.

ఇక చట్టం. సైబర్ దాడి అయితే గమనించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. ఎప్పుడు గమనించారో చెప్పడానికి ఇన్సిడెంట్ ప్లాట్‌ఫామ్‌లో పడ్డ మొదటి టైమ్ కంటే గట్టి రుజువు ఉండదు.

కలిపేశాక పరీక్షించడానికి సర్వర్‌ను కూల్చక్కర్లేదు. క్లౌడ్‌వాచ్‌లో ఒక్క కమాండ్‌తో ఏ అలారాన్నయినా మోగే స్థితిలోకి నెట్టవచ్చు. తర్వాతి రీడింగ్‌తో అది తనంతట తానే అసలు స్థితికి వస్తుంది. రాత్రి రెండింటికి, ముందుగా చెప్పకుండా, మొదటి వంతు మనిషి ఫోన్ ఎత్తవద్దని మాత్రం మాట్లాడుకుని, బాగైందనే సందేశం వెళ్లి ఇన్సిడెంట్ మూసుకుపోకుండా దాన్ని కాసేపు ఆపి, ఆ కమాండ్ కొట్టి గడియారం చూడండి. రెండో మనిషి ఫోన్ ఎన్నో నిమిషంలో మోగిందో రాసుకోండి. దానికి మెట్రిక్ విరామాన్ని రీడింగ్‌ల సంఖ్యతో గుణించి కలపండి. వచ్చిన మొత్తాన్ని 43 పక్కన పెట్టి చూసుకోండి.