నల్లగొండకు వచ్చిన శరణార్థుల బిడ్డలు

1634 మార్చి 25వ తేదీన ఇంగ్లండునుండి వచ్చిన కాథలిక్కులు అమెరికాలో పోటోమాక్ నదిలోని ఒక దీవిపై దిగి పూజ సలిపిరి. కాల్వర్టు వంశీయులు తమ మతస్థులకు ఆశ్రయముగా నెలకొల్పిన మేరీలాండు వలసకు అది ఆరంభము. ఆ ఆశ్రయమునకు ఒక షరతు కలదు. తోడివచ్చిన ప్రొటెస్టంటులు నొచ్చుకొనకుండ ఆరాధనను గుట్టుగా జరుపుకొనవలెనని వలస యజమాని సెసిల్ కాల్వర్టు ముందే ఆజ్ఞాపించెను. అంత అణకువగా నడచుకొన్నను, 1704లో వారి ప్రార్థనాలయమునకు ప్రభుత్వము తాళము వేయించెను. ఇట్టి షరతే మరియొక వలసకు విధింపబడి, నల్లగొండ చరిత్రలో ఒక అధ్యాయమునకు కారణమైనది.

ఆ వలసవారు మెన్నోనైటులు. 1536లో కాథలిక్ పురోహిత పదవిని విడిచిన మెన్నో సైమన్సు పేరిట వారికా పేరు వచ్చినది. బుద్ధి తెలిసిన పిమ్మటనే బాప్తిస్మము పొందవలెననియు, ఆయుధము పట్టరాదనియు వారి నియమము. ఇందుకై హాలండు ప్రాంతమున అనేకులు ప్రాణములు కోల్పోయిరి. మిగిలినవారు విస్తులా నదీముఖమున తలదాచుకొనిరి. అచ్చటను ఆంక్షలు పెరుగగా, విదేశీయులను పిలుచుచు 1763లో రష్యా రాణి కాథరిన్ చేసిన ప్రకటన వారికి ఆశ గొల్పెను. 1789లో ద్నీపరు తీరమున ఖోర్తిత్స, 1804లో మొలోచ్న వలసలు వెలసెను. కుటుంబమునకు సుమారు 175 ఎకరముల నేల, సైనికసేవనుండి మినహాయింపు. ఆ నేల ఎవరికిని చెందనిది కాదు సుమా! 1775లో అచ్చటి కసాకుల కోటను కాథరిన్ సైన్యమే కూల్చియుండెను.

ఇక షరతు: రష్యాలోని క్రైస్తవులను తమ శాఖలోనికి మార్చరాదు. సేద్యమే లోకమైన వారికి ఇది భారము కాలేదు. కాని 1860లో వారిలో మెన్నోనైట్ బ్రదరెన్ అను కొత్త సంఘము బయలుదేరి, సువార్త చాటవలెనను తహతహ పుట్టెను. పొరుగు పల్లెలో బోధించుట నేరము. సముద్రము దాటి బోధించుట నేరము కాదు!

1889లో అబ్రహాము ఫ్రీజెన్, భార్య మరియతో బయలుదేరెను. అమెరికన్ బాప్తిస్టు మిషనుతో కలిసి, 1890లో నిజాము రాజ్యములోని నల్లగొండలో స్థిరపడెను. గోధుమ పండించు మెన్నోనైటు రైతుల కానుకలు ఈ మెట్టసీమకు చేరసాగెను. సూర్యాపేట, జనగామలలోను కేంద్రములు ఏర్పడెను. సంఘమున చేరినవారిలో మాల, మాదిగ కుటుంబములే హెచ్చు. ఊరి బడిలో చోటు దొరకని ఆ బిడ్డలకు పలకా బలపమూ దొరకుట చిన్న విషయము కాదు.

ఇంతలో రష్యాలో మాట తప్పిరి. 1874లో నిర్బంధ సైనికసేవా చట్టము రాగా సుమారు 18 వేలమంది ఉత్తర అమెరికాకు తరలిరి. అచ్చట స్థిరపడిన బ్రదరెన్ సంఘమువారు 1899లో హైదరాబాదు చేరి, పిమ్మట నాగర్ కర్నూలు, దేవరకొండలలోను, తరువాత మహబూబ్ నగరులోను పనిచేసిరి. 1870లో రష్యాలో పుట్టి, బాల్యమున అమెరికాకు వలసపోయిన డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గు 1907లో ఇచ్చటికి వచ్చి, 1945లో మరణించువరకు ఈ ప్రాంతపు రోగులకు వైద్యము చేసెను.

1917 విప్లవముతో రష్యానుండి నల్లగొండకు సహాయము ఆగిపోయెను. 1943లో వెనుదిరిగిన జర్మను సైన్యము వెంట మిగిలిన మెన్నోనైటులు పశ్చిమమునకు తరలిపోగా, ద్నీపరు తీరపు వలసలు అంతరించెను. నల్లగొండ, సూర్యాపేట సంఘములు బాప్తిస్టుల పేర సాగినవి. దేవరకొండ, నాగర్ కర్నూలు ప్రాంతములలో మాత్రము మెన్నో పేరు నేటికిని వినవచ్చును.