తప్పు మిరపకాయది కాదు

మొటిమ కనబడగానే బళ్లారి ఇళ్లలో ముందు కారం మాన్పిస్తారు. పట్టించుకోవాల్సింది బొరుగులనూ తెల్లన్నాన్నీ తీపి చాయినీ!

పొద్దున్నే బళ్లారిలో ఏ చిన్న హోటల్ ముందు నిలబడినా ఇదే వంట. బొరుగులను నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తాళింపులో కలియబెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. తెలుగువాళ్లకు ఉగ్గాని, కన్నడిగులకు మండక్కి ఒగ్గరణె. పక్కన మిర్చి బజ్జి ఉండాల్సిందే. ఆడపిల్ల బుగ్గ మీద నాలుగు మొటిమలు లేస్తే నింద ఆ బజ్జి మీదే పడుతుంది. ‘వేడి చేసింది, ఇంక కారం ముట్టుకోకమ్మా’ అంటుంది అవ్వ. కారం మొటిమలు తెస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. బజ్జీలో నూనె నేరుగా చర్మం మీదికీ రాదు.

యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు చర్మంలోని తైలగ్రంథులను పెంచుతాయి. జిడ్డు, మృతకణాలు కలిసి వెంట్రుక కుదురును మూసేస్తే, లోపల క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాపు తెస్తుంది. తిండి ప్రభావం చూపేది ఇక్కడే. త్వరగా గ్లూకోజ్‌గా మారే పదార్థాలు తింటే ఇన్సులిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో ఐజీఎఫ్-1 అనే హార్మోన్ చురుకై జిడ్డును ఇంకా ఊరిస్తుంది. ఆ లెక్కన ఉగ్గానిలో అనుమానించాల్సింది ఇట్టే అరిగిపోయే బొరుగులను.

గీత మార్చలేదు, నీళ్లు మార్చాయి

ఇంత తెల్లన్నం మన కంచంలోకి ఎలా వచ్చింది? 1953 అక్టోబర్ 1న బళ్లారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు వెళ్లాయి. సరిహద్దు పడినా రెండువైపులా జొన్నరొట్టె, కొర్రన్నం, శెనక్కాయల పొడి అలాగే ఉన్నాయి. కంచాన్ని మార్చింది అదే ఏడు పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట. కాలువ నీళ్లతో సిరుగుప్ప వైపు వరి పచ్చబడింది, ఒకప్పుడు పండగ వంటైన వరన్నం రోజువారీ తిండయింది. ఆకలి తీర్చిన ఆ నీళ్లను తప్పుపట్టలేం. కానీ పాలిష్ బియ్యానికి బేకరీ పఫ్, కూల్‌డ్రింకు, రెండు చెంచాల చక్కెర చాయి కూడా తోడయ్యాయి.

పరిశోధన చెప్పేదెంత?

2002లో లోరెన్ కార్డెయిన్ బృందం పపువా న్యూగినీలోని కిటావా దీవిలో 1,200 మందిని, పరాగ్వేలో అచే తెగవారు 115 మందిని పరిశీలించి, ఒక్కరిలోనూ మొటిమలు లేవని రాసింది. వాళ్ల తిండిలో మైదా, చక్కెర చాలా తక్కువ. 2007లో ఆస్ట్రేలియాలో 15-25 ఏళ్ల యువకులు 43 మందిపై 12 వారాల ప్రయోగం జరిగింది. నెమ్మదిగా అరిగే తిండి తిన్నవారిలో మొటిమలు సగటున 23 దాకా తగ్గాయి, మిగతావారిలో 12. అయితే మొదటి బృందం బరువు కూడా తగ్గింది కాబట్టి ఘనతంతా తిండిదే అనలేం. వెన్న తీసిన పాలకూ, వే ప్రొటీన్‌కూ మొటిమలతో సంబంధం కనిపించినా రుజువు పూర్తి కాలేదు. ఆహార మార్పులను చికిత్సగా సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని 2024లో అమెరికా చర్మవైద్యుల అకాడమీ తేల్చింది.

అంటే తిండి మందుకు తోడు మాత్రమే. ఆ తోడుకు బళ్లారిలో కొత్తగా కొనాల్సిందేమీ లేదు. రాత్రికి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. ఉగ్గాని తిన్నరోజు బొరుగులు తగ్గించి, ఉడికించిన అలసందలో పెసలో కలపండి. చాయిలో చక్కెర సగం చేయండి. మూడు నెలలు గమనించండి.

ఆ ట్యూబు వద్దు

అసలు భయపడాల్సింది మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల గురించి. బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు మొదట ముఖం తెల్లబరుస్తాయి, తర్వాత చర్మాన్ని పలచబరిచి మరిన్ని మొటిమలు తెస్తాయి. అందుకే 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కట్టడి చేసింది. మచ్చలు గుంటలు పడుతున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా ఆలస్యం చేయకండి. బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట చర్మవైద్యులను కలవండి.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పిల్ల కంచంలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ ‘నీ తిండి వల్లే’ అనకండి. వంశం, వయసు, హార్మోన్లు చేసిన పనికి తన నాలుకను దోషిని చేస్తే ఆమె అన్నం మానేస్తుంది, అద్దం చూడటమూ మానేస్తుంది. మంచి తిండి ఇంటిల్లిపాదికీ ఒకేలా వడ్డించండి, మందు డాక్టరుతో రాయించండి.