విధవరాలి నూనె, తీర్చవలసిన అప్పు

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయము మొదటి ఏడు వచనములు నేటి మన ధ్యానము.

ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయాడు. దైవభక్తి గలవాడే, అయినా అప్పుతో పోయాడు. గనుక అప్పులలో ఉన్న విశ్వాసిని చూచి, ఇతనికి విశ్వాసము చాలదని తీర్పు తీర్చవద్దు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చాడు. ఇంట ఉన్నది కొంచెము నూనె మాత్రమే.

పాత్రలు నిండేవరకు మనము ఉత్సాహముగా ప్రసంగిస్తాము. ఏడవ వచనము దగ్గర మాత్రం స్వరము తగ్గుతుంది! ఎలీషా చెప్పిన వరుస గమనించండి: మొదట అమ్మకము, తరువాత బాకీ, ఆ మీదటనే తల్లీబిడ్డల జీవనము. అద్భుతము జరిగింది గదా అని అప్పు రద్దు కాలేదు. పంట డబ్బో చిట్టీ డబ్బో చేతికి రాగానే కృతజ్ఞతా కూడిక పెట్టి, అప్పిచ్చినవాని ఫోను మాత్రం ఎత్తనివారు ఈ వచనము చదవాలి.

అప్పిచ్చినవారికి కూడా వాక్యమున్నది. నెహెమ్యా 5వ అధ్యాయములో, కరువువలన పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టిన యూదులు తమ సహోదరులకే వడ్డీ కట్టారు. అది నూటికి ఒకటి. నెలకని పండితులలో అనేకులు అంటారు. మన లెక్కలో రూపాయి వడ్డీ! దానికే నెహెమ్యా పెద్దలను సమాజము ఎదుట నిలదీసి, పొలములు తిరిగి ఇప్పించాడు. తానూ తనవారూ అప్పిచ్చిన సంగతి దాచలేదు. ఆదివారము ఒకే రొట్టెలో పాలుపొంది, సోమవారము ఆ సహోదరుని వద్దనే మూడు రూపాయలు, అయిదు రూపాయల వడ్డీ వసూలు చేసేవారు మన సంఘములలో ఉన్నారు. సహోదరులారా, కనీసము ఈ నెల వడ్డీని అసలులో జమ చేసికొనండి.